పట్టాభి గారి లాటిన్

శుక్రవారం ఉదయం పట్టాభి వేసుకున్న పథకం చాలా చిన్నది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఎనిమిదింటికి ఇంగ్లీషు క్లాసు మొదలుపెట్టాలి, టెన్సులు ముగించాలి, పదింటికి ఇల్లు చేరి భార్య విజయదుర్గ వేసే పెసరట్టు తినాలి. కానీ క్లాసు మొదట్లోనే ముందు బెంచీలోంచి మౌనిక లేచింది.

"సార్, మమ్మల్ని అందరు క్యాండిడేట్, క్యాండిడేట్ అంటరు. గా మాట ఏడికెల్లి వచ్చింది సార్?"

అదృష్టం బాగుండి పట్టాభి ముందు రోజే ఆ సంగతి పేపర్లో చదివాడు. "లాటిన్లో క్యాండిడుస్ అంటే తళతళలాడే తెలుపు. రోములో పదవికి నిలబడేవాళ్ళు తెల్లబట్టలు కట్టుకుని, ఇంకా మెరవాలని వాటికి సుద్ద కూడా పూసి, జనంలో తిరిగేవారు. తెల్లబట్టలవాడు గనక క్యాండిడేట్. వెలిగే క్యాండిల్ కూడా ఆ ఇంటి పిల్లే. మనసులో ఏదీ దాచుకోకుండా మాట్లాడేవాణ్ణి క్యాండిడ్ అంటాం చూడండి, వాడూ ఆ ఇంటివాడే."

క్లాసు నోరు తెరుచుకుని వింది. అక్కడితో ఆగితే ఏ గొడవా లేకపోయేది. "మీకు లాటిన్ వస్తదా సార్?" అని మౌనిక మళ్ళీ అడిగింది. పట్టాభి కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఏదో, కొంచెం. చిన్నప్పుడు నేర్చుకున్నాను" అనేశాడు. చిన్నప్పుడు ఆయన నేర్చుకున్నది ఈత, అదీ సగమే.

తలుపు దగ్గర నిలబడి ఇదంతా విన్నాడు సెంటర్ యజమాని మహేందర్. అడ్మిషన్లు లేక ఈగలు తోలుకుంటున్న మనిషి. "సార్, గింత విద్య పెట్టుకొని ఇన్ని దినాలు చెప్పకపోతిరి. ఆదివారం ర్యాలీ తీద్దాం. మన క్యాండిడేట్లందరు తెల్లబట్టలల్ల రావాలె. సోమవారం సంది మీరు లాటిన్ క్లాసు చెప్పుండ్రి."

"అది కాదండీ మహేందర్ గారూ, నాకు..."

"జర మొహమాటం తగ్గించుకోండ్రి సార్."

రెండు రోజులూ పట్టాభికి అన్నం సయించలేదు. నిజం చెప్పేద్దామని రెండుసార్లు మహేందర్ గదిదాకా వెళ్ళి, ఇచ్చిన టీ తాగి వచ్చేశాడు. సోమవారం తనను నమ్మిన పిల్లల ముందు, ఉత్త చేతులతో బోర్డు దగ్గర నిలబడాలి. ఆ దృశ్యం తలుచుకుంటే ఆయనకు చెవులు వేడెక్కిపోతున్నాయి.

ఆదివారం సాయంత్రం నలభై మంది తెల్లబట్టల్లో బయలుదేరారు. ముందు ట్రాలీ ఆటో మీద పట్టాభి నిలువెత్తు ఫ్లెక్సీ, దాని కింద 'లాటిన్ పండితులు' అని అక్షరాలు. శుభమా అని మహేందర్ దానికి బంతిపూల దండ వేయించాడు. మైకుకి అనుమతి దొరకలేదు గనక ఎవరూ నోరెత్తకూడదన్నాడు. మనిషికొక కొవ్వొత్తి వెలిగించి ఇచ్చాడు. "క్యాండిల్ గూడ గా ఇంటి పిల్లనే అన్నరు గద సార్."

తన ఫోటో పక్కన నడిచే మొహం లేక పట్టాభి అందరికంటే వెనక, ముక్కుకు రుమాలు కట్టుకుని, తలవంచుకుని నడిచాడు. కొత్తపేటలో దుకాణాలవాళ్ళు లేచి నిలబడ్డారు. బైకులవాళ్ళు ఆగి దండం పెట్టారు. చదువంటే జనానికి ఇంత గౌరవమా అని ఆయన ఇంకా సిగ్గుపడ్డాడు.

రైతుబజారు దగ్గర ఆకుకూరలమ్మే అండాలమ్మ ఫ్లెక్సీ చూసి నెత్తి కొట్టుకుంది. ఏడుస్తూ వచ్చి పట్టాభి చెయ్యే పట్టుకుంది. "ఎట్ల పోయిండు బిడ్డా? మొన్ననే తోటకూర కొనుక్కపాయె."

"ఎవరమ్మా?"

"గా పంతులు సారే. శానా మంచోడు. ఒక్క అబద్ధం ఆడంగ నేనెన్నడు సూడలే."

పట్టాభికి సంగతి అప్పటికి అర్థమైంది. వెంటనే ఒక దిక్కుమాలిన ఆలోచన కూడా వచ్చింది: పోయినవాడు సోమవారం లాటిన్ చెప్పనక్కర్లేదు. అది వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. అంతలో ఫోన్ మోగింది. అవతల విజయదుర్గ. "ఏవండీ, మీరు పోయారని ఇంటి ఓనరు దండ తీసుకుని వచ్చాడు. కాఫీ ఇమ్మంటారా?"

"వస్తున్నానని చెప్పు."

అండాలమ్మ ఇంకా ఏడుస్తూనే వెంట నడుస్తోంది. పట్టాభి ఒంటిమీద తెల్లబట్టలున్నాయి, చేతిలో కొవ్వొత్తి ఉంది. ఆ లాటిన్ ఇంట్లో మూడోవాడు, ఏదీ దాచుకోని క్యాండిడ్, వాడి పనే మిగిలిపోయింది. ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర పట్టాభి రుమాలు విప్పి, ట్రాలీ ఎక్కి, తన ఫోటో పక్కనే నిలబడ్డాడు. జనం రెండడుగులు వెనక్కి వేశారు.

"నేను పోలేదండీ. నాకు లాటిన్ కూడా రాదు. పేపర్లో ఒక్క మాట చదివాను. పిల్లల ముందు గొప్పకి పోయి అబద్ధమాడాను. మూడు రోజులుగా తలెత్తుకోలేకపోతున్నాను."

అండాలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "రాకపోతే రాకపాయె. మనిషివి ఉన్నవు, గంతే సాలు."

ఉద్యోగం పోయినట్టేనని పట్టాభి కిందికి దిగాడు. మహేందర్ చెమటలు కక్కుతూ వచ్చాడు. "ఆగం చేసిన్రు సార్. మీరు పోయిన్రనుకొని, గంత మంచి సారు చెప్పిన సెంటరని తొవ్వ పొంటి ఇరవై మంది పేర్లు రాయించి మన ఎంబడే వచ్చిన్రు. ఇప్పుడు వాళ్ళకేం చెప్పాలె?"

"వాళ్ళనే అడిగొచ్చిన సార్" అంది మౌనిక. "తప్పయిందని ఒప్పుకున్న సారును గిప్పుడే మొదటిసారి చూసినమన్నరు. ఒక్కరు గూడ పేరు కొట్టేయమంటలేరు. కాకపోతే పట్టాభి సారు బతికే ఉన్నట్టు సెంటర్ కాయితం మీద రాసియ్యమంటున్నరు."

సోమవారం ఉదయానికి ఫ్లెక్సీ కింద ఒక తెల్లకాగితం అంటించి ఉంది: 'లాటిన్ క్లాసులు లేవు. పట్టాభి గారు ఉన్నారు.'