బస్సు టాపు మీద రబ్బరు

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. సరే, నవ్వండి. ఎలాగూ మా ఆవిడ ఈపాటికి ములకలపల్లి మండలమంతా చెప్పేసే ఉంటుంది.

ఇరవై తొమ్మిదేళ్లు ఆర్టీసీలో కండక్టర్‌గా చేశాను. జాషువా అంటే ఎవరికీ తెలియదు గాని, ‘రైట్ రైట్ జాషువా’ అంటే పినపాక దాకా తెలుసు. రెండు వేల ఐదులో రిటైరయ్యాక, పనికిరాదని తీసేసిన ఒక బస్సును వేలంలో కొన్నాను. ఇంజను లేదు, చక్రాలు లేవు. ఆ మాటకొస్తే రిటైరైన రోజు నా పరిస్థితీ అదే, కాని నన్నెవరూ కొనలేదు.

ఆ బస్సును రోడ్డు పక్క మా జాగాలో ఇటుక దిమ్మెల మీద కూర్చోబెట్టి, సీట్లు పీకించి, కుట్టు మిషన్లు పెట్టించాం. మా ఆవిడ విశ్రాంతమ్మ కుట్టుపనిలో చెయ్యి తిరిగిన మనిషి. బయట ‘విశ్రాంతి లేడీస్ టైలర్స్’ అని బోర్డు రాయించాను. మొదటి నెలంతా భద్రాచలం వెళ్లే యాత్రికులు జీపులు ఆపి, లోపల మంచాలున్నాయా అని అడిగేవారు.

మరుసటి జూన్‌లో ఆమెకు పెద్ద పని దొరికింది. ఆడపిల్లల హాస్టల్‌కు అరవై జతల యూనిఫారాలు. తెల్ల చొక్కా, నీలం లంగా. సోమవారం బడి తెరిచేనాటికి అందించాలి. “వార్డెన్ మేడంకు మాటిచ్చిన,” అని రోజుకు నాలుగుసార్లు అనేది.

కష్టమల్లా బస్సు టాపుతోనే. రేకుల అతుకులు తుప్పుపట్టాయి. ఒకచోట దిగిన నీళ్లు లోపలి సీలింగు వెంబడి పాకి, వాటికి నచ్చినచోట కారేవి. తెల్ల బట్ట మీద తుప్పునీళ్లు పడితే ఆ మరక ఇక పోదు.

“టాపు సంగతి చూడు,” అని ఆమె ఏప్రిల్ నుంచి అంటోంది. నేనూ ఏప్రిల్ నుంచి చూస్తూనే ఉన్నాను. కింద నుంచి.

శుక్రవారం ఆమె ఒక పెద్ద డబ్బా తెచ్చి, సరిగ్గా నేను పేపరు చదివే కుర్చీ పక్కన పెట్టింది.

“ఏందిది?”

“రబ్బరు కోటింగ్. టాపుకు పూస్తే నీళ్లు దిగవట. రేపు భద్రాచలం నుంచి తుల్సీరాం వచ్చి పూస్తడు. పడవలు బాగుచేసే మనిషి, పని తెలిసినోడు.”

“నేను పూయలేనా?”

“నీకు దండం పెడ్త ఏంజెల్ డాడీ, దాన్ని ముట్టుకోకు. మూత కూడ తియ్యకు.”

ఏంజెల్ మా అమ్మాయి, ఖమ్మంలో నర్సు. ఆ పేరుతో పిలిచిందంటే మాటకు తిరుగులేదన్నమాట.

“ఇరవై తొమ్మిదేండ్లు బస్సుల బతికిన నేను!”

“లోపల బతికినవ్. టాపు మీద కాదు.”

శనివారం పొద్దున్నే గుండీలు తెస్తానని కొత్తగూడెం వెళ్లింది. బస్సులో అంచులు కుట్టే కొండమ్మ, నేను, డబ్బా మిగిలాం.

పేపరు తెరిచాను. ఒక్క అక్షరం ఎక్కలేదు. రబ్బరంటే గట్టిగా ఉండాలి, లాగితే సాగాలి. ఇదేమో కదిపితే డబ్బాలో గలగలమంటోంది. నీళ్లలా పారేది రబ్బరెలా అవుతుంది? ఎప్పుడవుతుంది? అయ్యేటప్పుడు చూస్తే కనపడుతుందా? ఇవన్నీ తెలుసుకోకుండా మనిషి పేపరెలా చదువుతాడు, మీరే చెప్పండి.

మూత తీశాను. చిక్కటి మజ్జిగలా, బూడిద రంగులో ఉంది. వేలు ముంచి ఎండలో చాపుకుని అరగంట కూర్చున్నాను. వేలికి తొడుగు తయారైంది! లాగితే సాగింది, వదిలితే టప్పుమంది. నాకు యాభై తొమ్మిదేళ్లు గాని, ఆ క్షణంలో తొమ్మిదే.

తర్వాత ఒక టేకాకు ముంచాను. ఆరాక నీళ్లు పోస్తే జర్రున జారిపోయాయి. గుండీ ముంచాను. పాత టికెట్ల కట్ట ముంచాను. వానలో జారకుండా ఉంటుందని ఎడమ చెప్పు ముంచాను, కుడి చెప్పు చిన్నబుచ్చుకుంటుందని దాన్నీ ముంచాను.

“సారూ, తుల్సీరాం ఇంక రాలే,” అంది కొండమ్మ లోపల నుంచి.

“రాకపోతే ఏంది? నేనున్న కద!”

ఆమె ఒక కొత్త బ్రష్షు తెచ్చి నా చేతిలో పెట్టింది. మా ఇంట్లో కొత్త బ్రష్షు ఎక్కడిదని అడగాల్సింది. అడగలేదు.

బస్సు వెనకున్న ఇనుప నిచ్చెన ఎక్కాను. చిత్రం, టాపంతా ఎవరో కడిగినట్టుంది. అతుకుల మీద గుడ్డపట్టీలు కూడా అంటించి ఉన్నాయి. పాత బస్సులన్నీ ఇలాగే ఉంటాయేమో అనుకున్నాను. ఎన్నడూ ఎక్కితే కదా తెలిసేది.

పూత మొదలుపెట్టాను. ఇక్కడే నా ఉద్యోగం నన్ను ముంచింది. మా సర్వీసులో నేను టికెట్లు కొట్టడం వెనక డోరు దగ్గర మొదలుపెట్టి, డ్రైవర్ దగ్గర ముగించేవాణ్ని. ఆ అలవాటున వెనక నుంచి పూసుకుంటూ, “జరగాలె, ముందుకు జరగాలె,” అని నన్ను నేనే తోసుకుంటూ పోయాను. డ్రైవర్ నెత్తి మీదికి చేరేసరికి డబ్బా ఖాళీ. చాపంత జాగా మిగిలింది, దాని మీద నేను మిగిలాను. నిచ్చెన వెనక ఉంది. నడుమంతా తడి రబ్బరు.

డబ్బా మీద రాసింది అప్పుడు చదివాను. పూశాక నాలుగు గంటలపాటు అడుగు పెట్టరాదట. అడుగు పడితే పూత చిరుగుతుందట. టైం పదకొండు. రేకు కాలి లేచాను. కాళ్లు పీకి కూర్చున్నాను. ఇదే పనిగా మధ్యాహ్నం దాకా లేచి కూర్చుంటూ గడిపాను.

పన్నెండున్నరకు పినపాక బస్సు వచ్చింది. దాని కండక్టర్ పేరు దేవ్లా, నా దగ్గర పని నేర్చుకున్నవాడే. బస్సాపి మరీ తల బయటపెట్టాడు.

“జాషువన్నా! టాపెక్కినోళ్లను జిందగీ అంత తిట్టి దింపినవ్. గిప్పుడు నువ్వే ఎక్కినవేంది?”

“చెకింగ్ చేస్తున్న.”

“టికెట్ తీసుకున్నవా మరి?”

బస్సు బస్సంతా నవ్వింది. కొండమ్మ కూడా నవ్వుతూనే గడకర్రకు కట్టి నా అన్నం డబ్బా పైకందించింది.

మూడింటికి మా ఆవిడ కొత్తగూడెం నుంచి వచ్చి దిగింది. తలెత్తి చూసింది.

“పైన ఏం చేస్తున్నవ్?”

“గాలికి కూసున్న.”

“ఆకు కదుల్తలేదు, గాలెక్కడిది? టాపంత పూసినవా?”

“అవ్. పూసిన.”

“నీ కింద?”

కింద చూసుకున్నాను. “నా కింద నేనున్న.”

“డబ్బా సరిపోవాలె కద!”

కొండమ్మ బయటికొచ్చి టేకాకు, గుండీ, టికెట్ల కట్ట వరసగా చూపించింది. మా ఆవిడ వాటిని చూసి, తర్వాత నా చెప్పులు చూసింది.

అంతలో అడవి వైపు ఉరిమింది. నల్లటి మబ్బు. నెల రోజులుగా ఆమె మెడ వంచి కుట్టింది. నిద్రలో కూడా వేళ్లు కదిలేవి. ఆ తెల్ల చొక్కాల మీద ఒక్క తుప్పు చుక్క పడితే వార్డెన్ మేడం ముందు తలెత్తుకోలేదు. నా వేలి తొడుగు కోసం!

“విశ్రాంతం, తప్పయింది,” అన్నాను. పెళ్లయిన ముప్పై రెండేళ్లలో ఈ మాట పగటిపూట, నలుగురికీ వినపడేలా అనడం ఇదే మొదలు.

ఆమె గుండీల సంచిలోంచి మడతపెట్టిన పెద్ద ప్లాస్టిక్ కవరు తీసింది. గడియారం చూసుకుంది, నిచ్చెనెక్కి పూత మీద వేలు పెట్టి చూసింది. ఆరింది. చెప్పులు విడిచి మెల్లగా నడిచొచ్చింది.

“లెవ్వు.” పూత పడని జాగా మీద కవరు పరిచింది. “కూసో.”

“ఎందుకు?”

“గాలికి లేస్తది. బరువు కావాలె.”

“రాళ్లు పెడదాం.”

“రాళ్లకు రబ్బరు చిరుగుతది. నువ్వు మెత్తగున్నవ్.”

“ఈ కవర్ బట్టల మీదనే కప్పరాదూ?”

“బట్టలు మూసిపెడితే గుండీలు ఎట్ల కుట్టాలె?”

నా చేతికి గొడుగిచ్చి దిగిపోయింది. గంటంబావు వాన. నేను కదల్లేదు. నా కింద మిషన్లు టకటకమంటూనే ఉన్నాయి.

తెరిపిచ్చాక దిగి, లోపల బట్టలన్నీ తిప్పి చూశాను. ఒక్క చుక్క లేదు! నాకు ఊపొచ్చింది.

“చూసినవా? ఆ తుల్సీరాం వచ్చుంటే ఇంత మంచిగ పూస్తుండెనా?”

కొండమ్మ పళ్ల మధ్య దారం పెట్టుకుని నవ్వింది. “ఆయన రానని మూడు వారాల కిందనే చెప్పిండు సారూ. పడవల పని మస్తుందట. టాపు కడిగి పట్టీలు అంటించింది మేమిద్దరమే, మీరు నిన్న మాపటీల పండుకున్నప్పుడు.”

“మరి బ్రష్షు?”

“సారు ఎక్కుతనంటడు, అప్పుడియ్యి అని అమ్మ చెప్పింది.”

మా ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ అంది. “చెయ్యి అంటే ఏప్రిల్ నుంచి చెయ్యలే. ముట్టుకోకు అంటే ఒక్క పూటల చేసినవ్.”

“డబ్బా తక్కువ పడ్తదని కూడ తెలుసా నీకు?”

“తెల్వకనా, కొత్తగూడెంల కవరు కొన్నది? ఒక్కటే తప్పు నాది. నువ్వు నిచ్చెన దిక్కు పూసుకుంట వస్తవనుకున్న. ఎంతైనా కండక్టర్‌వి కద, మర్సిపోయిన.”

సోమవారం అరవై జతలు హాస్టల్ చేరాయి. మంగళవారం ఆమె ఒక అట్టపెట్టె తెచ్చి నా కుర్చీ పక్కన పెట్టింది.

“కుట్టు మిషన్‌కు మోటార్. మెకానిక్ వచ్చి బిగిస్తడు. ముట్టుకోకు.”

ఈసారి దొరకదలచుకోలేదు. నవ్వి పేపరు తెరిచాను. కాని అంత చిన్న పెట్టెలోది అంత బరువు మిషన్ను ఎలా తిప్పుతుంది? లోపల ఏముంటుంది? ఇంతలో కొండమ్మ వచ్చి, స్క్రూడ్రైవర్ నా పక్కన పెట్టి వెళ్లింది.

మోటారు ఇప్పుడు బాగానే తిరుగుతోంది. రెండు స్క్రూలు మాత్రం మిగిలాయి. ఇవిగో, జేబులోనే ఉన్నాయి. మా ఆవిడకు చెప్పకండి.