కందిరీగలకు ఆఖరి నోటీసు

ఒక పెద్ద అడవిలో మనుషులు వదిలేసిపోయిన బంగళా ఒకటుంటే, జంతువులు అందులో తమ పంచాయతీ ఆఫీసు పెట్టుకున్నాయి. బంగళా మంచిచెడ్డలు చూసే అధికారి ఎలుగుబంటి బొర్రన్న. ఆయనకు ఆ కుర్చీ అంటే ప్రాణం. కూర్చున్నచోటు నుంచి కిటికీలోంచి చెయ్యి చాపితే తేనెపట్టు అందుతుంది మరి.

వేసవి మొదట్లో ఆఫీసు గుమ్మం పైన కందిరీగలు గూడు పెట్టాయి. నిమ్మకాయంత గూడు. అర్జీ పట్టుకొచ్చిన కుందేలును చెవి మీద కుట్టాయి. ఆ మాట సింహంగారి దాకా పోయింది.

"పున్నమికి నేనే వస్తున్నాను. అప్పటికి గుమ్మం శుభ్రంగా లేకపోతే బొర్రన్నకు మొసళ్ళరేవుకు బదిలీ" అని కబురొచ్చింది.

మొసళ్ళరేవులో తేనె లేదు. మొసళ్ళున్నాయి.

బొర్రన్న ఒక్క అంగలో వెళ్ళి గూడు పీకబోయాడు. గుమాస్తా నక్క అడ్డం పడింది.

"ఆగండయ్యగారూ. ఎవరినైనా ఉన్నచోటి నుంచి కదపాలంటే గుమ్మానికి కాగితం అంటించాలని మనమే కదా చట్టం చేసుకున్నాం. వాళ్ళు దాన్ని చూస్తేనే అందినట్టు లెక్క."

"కందిరీగలకు చదువొచ్చా?"

"చూడాలన్నారు గానీ, చదవాలని చట్టంలో లేదండి."

బీరువాలో మనుషుల పాత కాగితాలు బోలెడున్నాయి. నక్క ఒకదాని వెనక నోటీసు రాసింది. బంట్రోతు కొండముచ్చు దానికి తుమ్మజిగురు పూసి, గూటి పక్కన అంటించి, వెనక్కి చూడకుండా పరిగెత్తింది.

నాలుగు రోజులకు నోటీసు కనబడలేదు. గూడు బత్తాయంత అయింది.

"చూశారా, అందుకున్నారు. జవాబే ఇవ్వలేదు. ఈసారి పెద్ద కాగితం మీద కాస్త గట్టిగా రాద్దాం" అంది నక్క.

రెండోది అట్ట మీద రాశారు. గూడు కొబ్బరికాయంత అయింది. ఆఖరి నోటీసు ఎర్ర కాగితం మీద పోయింది. గూటికి ఎర్రటి చారలొచ్చాయి.

అప్పుడు బొర్రన్నకు అనుమానం వచ్చింది. గుమ్మం దగ్గరికి వెళ్ళి, రెండు చేతులతో ముక్కు కప్పుకుని, "ఏమమ్మా, మా నోటీసులు ఏం చేస్తున్నారు?" అని అడిగాడు.

రాణి కందిరీగ గూట్లోంచి తల బయటపెట్టింది.

"నములుతున్నామన్నా. ఆ పిప్పితోనేగా మేం గూడు కట్టేది. ఇదివరకు మీ దూలం గీకి గీకి దవడలు పడిపోయేవి. మీ పుణ్యమా అని ఇప్పుడు కాగితం ఇంటి దగ్గరికే వస్తోంది. మొన్నటి అట్టే కాస్త మొండిగా ఉంది. పిల్లల గదులకు మెత్తటివి పంపుదురూ."

బొర్రన్న వెళ్ళి కుర్చీలో కూలబడ్డాడు. "ఒరే గుమాస్తా, మనం వాటికి ఇల్లు కట్టిపెడుతున్నాం రా."

"పోన్లెండి. మన కాగితం అడవిలో ఒకరికి పనికిరావడం ఇదే మొదలు. ఈసారి నోటితో చదివిద్దాం. గాలిని నమలలేవుగా."

పున్నమినాడు సింహంగారు వచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు. నోటీసు చదవడానికి నక్క పిలిపించిన గాడిద గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. "తక్షణం ఖాళీ చేయవలెను" దగ్గర రాగం అందుకునేసరికి దూలం మీది దుమ్ము రాలింది. దుమ్ముతోపాటు కందిరీగలూ దిగాయి. తక్షణం ఖాళీ అయింది, గూడు కాదు, ఆవరణ. ముందు సింహంగారు, వెనక గాడిద.

వంకాయంత వాచిన ముక్కుతో సింహంగారు బదిలీ ఉత్తర్వు చెప్పి రాయించారు. కొండముచ్చు దాన్ని చట్టప్రకారం ఆఫీసు గుమ్మానికి అంటించింది.

మడుగులో దాక్కున్న బొర్రన్న వాపు తగ్గాక ఆఫీసుకొచ్చాడు.

"మీకు బదిలీ అయిందండి. మొన్ననే కాగితం అంటించాం" అంది నక్క.

"ఏదీ?"

గుమ్మానికి జిగురు మరకే ఉంది. ఇద్దరూ తలెత్తి పైకి చూశారు.

"ఇది వెన్నలా ఉందన్నా" అంది రాణి కందిరీగ.

బొర్రన్న కాసేపు ఆలోచించాడు. "నేను చూడలేదుగా?"

"చూడలేదండి. కాబట్టి అందలేదండి."

"మళ్ళీ రాయిస్తే?"

"మళ్ళీ ఇక్కడే అంటించాలండి."

ఆ సాయంత్రమే బయట ఒక పలక వేలాడింది: "గుమ్మం వద్ద కందిరీగలను ఇబ్బంది పెట్టరాదు. అర్జీదారులు కిటికీలోంచి రావలెను."

నీతి: మన బదిలీ కాగితం నమిలేదాకే కందిరీగ పురుగు, ఆ తర్వాత అది తోటి ఉద్యోగి.