చిమ్నీలో బొంత

ఆ మంగళవారం వాసంతి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటికల్లా పాపకు తినిపించి పడుకోబెట్టాలి. పదిన్నరకు వచ్చే ఆడిటరుకు ఇల్లు చూపించాలి. ఆయన వెళ్ళాక వంట. అంతే.

కెనడాలోని బ్రాంప్టన్‌లో వాళ్ళు కొన్న ఆ పాత ఇంట్లో, ఇల్లు వెచ్చబెట్టాల్సిన ఫర్నేసు పేరుకే ఫర్నేసు. వెచ్చదనం ఇవ్వడం మానేసి, దగ్గడంలో ఏడాదిన్నర పాప ఇషితతో పోటీ పడుతోంది. పిల్లకు స్వెట్టరు మీద స్వెట్టరు తొడిగితే చేతులు కిందికి దిగవు. ఆ ఫర్నేసు తీసేసి కరెంటుతో నడిచే హీట్ పంపు పెట్టుకుంటే ఖర్చులో చాలావరకు ప్రభుత్వమే పెట్టుకుంటుందట. కాకపోతే ముందు ఆడిటరు వచ్చి ఇల్లు పరీక్షించి రిపోర్టు రాయాలి. ఈ అపాయింట్‌మెంటు తప్పితే మళ్ళీ దొరికేది మే నెలలో. అప్పటికి పిల్ల దగ్గు ఎందాకా పోతుందో!

"ఆడిటరంటే ఎవరనుకున్నావమ్మా! ఇల్లు చూసి మనుషుల్ని తూకం వేసేస్తాడు" అన్నారు విశ్వేశ్వరరావు గారు, పొద్దున్నే వచ్చి కూర్చుని. రెండు వీధుల అవతల ఉంటారు. ముప్పై ఏళ్ళు వంతెనలు కట్టి రిటైరయ్యాక, ఊరికే ఉండలేక సలహాలు కడుతున్నారు.

"మరి ఏం చేయమంటారు అంకుల్?"

"ఇంటి గుట్టు బయటపెట్టకు. గాలి దూరే సందు ఒక్కటి కనిపించిందా, 'ఈ కొంపకా ఇంత ఖరీదైన మిషను' అనుకుంటాడు. పెళ్ళిచూపులకి పెచ్చులూడిన గోడ మీద కేలండరు తగిలించరూ? అదే సూత్రం!"

వాసంతికి వెంటనే అర్థమైంది. ఇంటరు సగంలో మాన్పించి పెళ్ళిచూపులకు కూర్చోబెట్టిన రోజు, వాళ్ళమ్మ గోడకు రెండు కేలండర్లు తగిలించింది.

ఇద్దరూ నడుం బిగించారు. తలుపుల కింద తువ్వాళ్ళు, కిటికీ సందుల్లో పాప పాత గౌన్ల ముక్కలు. హాల్లో వాళ్ళు ఏనాడూ వెలిగించని ఫైర్‌ప్లేసు ఉంది. దాని పైమూత తుప్పుపట్టి పడదు, చిమ్నీలోంచి ఈదురుగాలి నేరుగా సోఫాలోకి వచ్చి కూర్చుంటుంది. వాసంతి తల్లి పాత చీరలతో కుట్టి పంపిన బొంతను విశ్వేశ్వరరావు గారు స్వయంగా ఆ చిమ్నీలోకి కుక్కారు. చాలదన్నట్టు వాళ్ళింట్లోంచి మూడు రూమ్ హీటర్లు తెచ్చి పెట్టారు. ఇల్లు ఇడ్లీ పాత్రలా ఉడకసాగింది.

ఆడిటరు గ్రెగ్ వచ్చాడు. జాకెట్ విప్పాడు, స్వెట్టరు విప్పాడు, వాసంతి పెట్టిన పెసరట్లలో రెండు తిన్నాడు. తర్వాత వీధి తలుపుకు గుడ్డ తెర బిగించి, మధ్యలో ఇంత పెద్ద ఫ్యాను పెట్టాడు. అది ఇంట్లో గాలిని బయటికి లాగుతుందట. సందులుంటే బయటి గాలి లోపలికి జొరబడుతుందట. ఎంత జొరబడిందో మీటరు చెబుతుందట.

"ఫైర్‌ప్లేస్ క్లోజ్డ్?"

"పర్ఫెక్ట్‌లీ క్లోజ్డ్!" అన్నారు విశ్వేశ్వరరావు గారు, మీసం మీద చెయ్యేసి.

ఫ్యాను తిరిగింది. గ్రెగ్ మీటరును వేలితో రెండుసార్లు తట్టి చూశాడు. "వెరీ టైట్ హౌస్!" అన్నాడు, నమ్మలేక.

వాసంతి పొంగిపోతుండగా ఫోను మోగింది. మార్కమ్ ఆఫీసు నుంచి భర్త తారక్.

"వాసూ, రూల్స్ ఇప్పుడే చదివా. ఇంటికి ఎన్ని లీకులుంటే అంత మంచిదట! లీకులు లేకపోతే మనకి హీట్ పంపు అవసరం లేదని రాసేస్తారట!"

"ఇప్పుడా అండీ చెప్పేది! ఆ రూల్స్ నెల్లాళ్ళ నుంచి మీ ఫోన్లోనే ఉన్నాయి కదా!"

"మీటింగుల్లో ఉన్నానే..."

గ్రెగ్ ఫ్యానును అలాగే తిరగనిచ్చి, ఫర్నేసు చూడటానికి బేస్‌మెంటుకు దిగాడు. అప్పుడే లేచిన పాపను చంకనేసుకుని వాసంతి ఒక్కొక్క గుడ్డే పీకడం మొదలుపెట్టింది. పైకి వచ్చిన గ్రెగ్ మీటరు చూసి తెల్లబోయాడు. అంకె గంతులేస్తోంది. చంకలోని ఇషిత చేతిలో ఉన్న గౌను ముక్కను "టా!" అంటూ ఆయనకు అందించింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ తోచక జేబులో పెట్టుకున్నాడు.

"అంకుల్, బొంత తీసేయండి!" అని వాసంతి గుసగుసగా బతిమాలింది.

"నేను పెట్టింది అంత సులువుగా ఊడదమ్మా" అని ఆయన గర్వంగా ఫైర్‌ప్లేసులో తల దూర్చారు. సరిగ్గా అప్పుడే గ్రెగ్, మీటరు చెడిందేమో తేల్చుకుందామని ఫ్యాను వేగం పూర్తిగా పెంచాడు.

చిమ్నీ ఒక్కసారి గొంతు సవరించుకుంది. ముందు బొంత పడింది. దాని వెనకాలే పాత యజమానుల హయాం నాటి మసి అంతా దిగింది. మిగిలిన పెసరట్లు నల్లబడ్డాయి. విశ్వేశ్వరరావు గారికి కళ్ళు తప్ప మరేమీ మిగల్లేదు.

గ్రెగ్ ఫ్యాను ఆపి, వంగి చిమ్నీలోంచి పైకి చూశాడు. ఆకాశం కనిపించింది. ఇక దాచేదేముంది? వాసంతికి ఏడుపు ఆగలేదు. "సారీ సార్. బేబీ రూమ్, వెరీ కోల్డ్. గెస్ట్ కమ్స్, హౌస్ షుడ్ బీ నైస్, నో? దట్స్ వై..."

గ్రెగ్ పాప గదిలోకి వెళ్ళాడు. మిగిలిన గుడ్డలు తీసి, కిటికీ దగ్గర చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. పరీక్ష మళ్ళీ మొదటి నుంచి చేసి, చాలాసేపు రాసుకున్నాడు. తన సర్వీసులో ఇంత గాలి దూరే ఇల్లు చూడలేదని వెళ్తూ వెళ్తూ చెప్పాడు. దానికి సిగ్గుపడాలో సంతోషపడాలో వాసంతికి తేలలేదు.

రెండు వారాలకు ఈమెయిల్ వచ్చింది. గ్రాంటు మంజూరైంది! వాసంతి పాపను ఎత్తి గిరగిరా తిప్పింది.

"ఆగు, కింద ఇంకో ముక్క ఉంది" అన్నాడు తారక్. "హీట్ పంపు బిగించేలోగా రిపోర్టులో రాసిన సందులన్నీ మూసేసి ఫోటోలు పంపాలట. తలుపుల కింద, కిటికీల చుట్టూ... చిమ్నీ."

వాసంతి వెళ్ళి, ఉతికి మడతపెట్టిన తువ్వాళ్ళ దొంతర తెచ్చి హాలు మధ్యలో పెట్టింది.

"నేను మొదటే చెప్పాను కదమ్మా!" అన్నారు సోఫాలో కూర్చున్న విశ్వేశ్వరరావు గారు, చెవిలో ఇంకా మిగిలిన మసిని చిటికెనవేలితో తీసుకుంటూ.