గుళికలో ఎవరో ఉన్నారు

ఆ ఉదయం పరిశోధక విద్యార్థిని పెట్టుకున్న పని చిన్నదే. తను పంపిన నాలుగు నమూనాల ఎక్స్-రే ఫలితం చూసుకోవాలి. పదకొండింటికి పరీక్షకుడి ముందు నిలబడి "నా గుళిక ఖాళీగా ఉంది" అని చెప్పాలి. నాలుగేళ్ళ చాకిరీ అంతటితో తీరుతుంది.

ఆ గుళిక మింగేది కాదు. గిన్నెల్లాంటి రెండు అణువులు అంచుకు అంచు ఆనించి బోర్లించినట్టు ఉంటాయి. ఆ అంచుల్లో ఆంటిమొనీ అనే బరువైన మూలకం ఉంటుంది. దాని మూడు చేతులూ పనిలోనే ఉన్నా, వీపు వెనక ఒక వెలితి. ఎదుటి గిన్నెలోని నైట్రోజన్ చప్పుడు లేకుండా వచ్చి ఆ వెలితి దగ్గర నిలబడుతుంది. పూర్తిగా కలవదు, వదిలీ పోదు. దీన్నే నిక్టోజన్ బంధం అంటారు.

తొమ్మిదింటికి ఆమె నేలమాళిగ మెట్లు దిగుతుండగా ఎక్స్-రే విభాగంలోని స్నేహితురాలు ఫోన్ చేసింది.

"లోపల ఎవరో ఉన్నారే. ఆరు మూలల చక్రం, ఒక చిన్న తోక."

ఆమె మెట్టు మీదే ఆగిపోయింది. "నేనెవర్నీ పెట్టలేదే. నాలుగింట్లోనూ ఉందా? కదలడం లేదా? ఊపిరాడే చోటు కూడా లేదు, ఎలా దూరింది? సరే, పదకొండులోపు బయటికి తీయాలి. వేడి చేద్దాం. అప్పటికీ రాకపోతే పగలగొడదాం."

పై మెట్టు మీద టీ తాగుతున్న కాపలాదారు కప్పు కింద పెట్టేశాడు. కింద, రెండేళ్ళుగా మూసి ఉన్న గాజు పనిముట్ల గదిలోంచి రోజూ వచ్చే చప్పుడు తన చెవుల భ్రమేనని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాడు. ఇక వల్ల కాలేదు. సెక్యూరిటీ ఆఫీసరుకి చెప్పాడు. ఆయన డైరెక్టరుకి చెప్పేసరికి లోపలున్నవాళ్ళు నలుగురయ్యారు. గంట మోగింది, కరెంటు తీశారు, భవనం ఖాళీ అయింది. అప్పుడే వచ్చిన పరీక్షకుడు జనంలో చిక్కుకున్నాడు.

"ఎవర్ని కట్టేశారు మేడం?" అన్నాడు ఆఫీసరు.

"ఎవరూ కట్టెయ్యలేదు సార్. వాటంతట అవే కట్టుకుంటాయి."

"ఆ కట్లు గట్టివేనా?"

"ఒక్కొక్కటీ బలహీనమే సార్. కానీ చాలా ఉన్నాయి."

ఆఫీసరు టార్చి తీసుకుని, ఆమెనూ కాపలాదారునూ వెంటబెట్టుకుని కిందికి దిగాడు. పరీక్షకుడు ఉండబట్టలేక వెనకే వచ్చాడు. వరండా చివర చీకట్లో గాజు తగిలిన చప్పుడు, ఆ వెంటనే నీళ్ళ చప్పుడు. వీళ్ళు ఆగితే అదీ ఆగింది. గది తలుపుకి తాళం బయటే వేసి ఉంది, బూజు కూడా చెదరలేదు. లోపల కుర్చీ జరిగింది. ఆమె తనకు తెలియకుండానే పరీక్షకుడి చొక్కా పట్టుకుంది.

తాళం పగలగొట్టారు. టార్చి వెలుగులో వందలకొద్దీ సీసాలు బోర్లించి మెరుస్తున్నాయి. వాటి వెనక టిఫిన్ డబ్బాతో ఒక ముసలాయన. ముప్పై ఏళ్ళు ఈ సంస్థకి గాజు పనిముట్లు ఊది ఇచ్చి, రెండేళ్ళ కిందట రిటైరైన గాజు మాస్టారు.

"రిటైరైనట్టు ఇంట్లో చెప్పలేదమ్మా," అన్నాడాయన తలొంచుకుని. "ఈ గది వెనక తలుపు తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది. ఊరికే కూర్చోలేక, మీరు సింకులో పడేసిన సీసాలు కడిగి మళ్ళీ మీ అరలో పెడుతున్నాను."

"దేంతో కడుగుతున్నారు మాస్టారూ?"

"టోలుయీన్‌తో. అడుగున ఒక చుక్క మిగిలితే ఏమవుతుందిలే అని."

ఆరు మూలల చక్రం, చిన్న తోక. జిడ్డు కరిగించే ఆ టోలుయీన్ అణువు ఆకారమే అది; ఆమె గుళికలు తయారుచేసింది ఆ సీసాల్లోనే. ఆమె అక్కడే నేలమీద కూలబడింది.

"నీ గుళిక ఆ చుక్కనే పట్టుకుని వదల్లేదా?" వెనకనుంచి పరీక్షకుడు అడిగాడు. "ఖాళీ గుళిక చూసి ఏం చేస్తానా అనుకుంటూ వచ్చాను. ఇది పనికొచ్చేట్టుంది. లే తల్లీ, పైకెళ్ళి వివరంగా చెప్పు."

ఆఫీసరు మాత్రం నియమం ప్రకారం మాస్టారి ఇంటికి ఫోన్ చేసి, నెమ్మదిగా, బాధ కలగకుండా విషయం చెప్పాడు.

"తెలుసు బాబూ," అంది మాస్టారి భార్య. "ఆ రిటైర్‌మెంట్ ఉత్తరం అందుకున్నది నేనే. అయిదింటిదాకా మాత్రం పంపకండి."

ఆఫీసరు ఫోన్ పెట్టేసి, తన రిటైర్‌మెంటుకి ఇంకా ఎన్నేళ్ళుందో వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాడు.