దూది ఏనుగుల దండయాత్ర

పరుపుల బావకి ఆ రోజు పొద్దున్నే ఇంట్లో ఒకే ఒక్క పని ఒప్పజెప్పారు. మధ్యాహ్నం భోజనానికి బావమరిదిని వెంటబెట్టుకు రావాలి. ఒప్పజెప్పింది ఆయన భార్య. ఆ బావమరిది ఆమెకి సొంత తమ్ముడు, వీధిలో అందరికీ టైలరు.

"సాయంత్రం వాడు కొట్టు ఖాళీ చేసి ఊరికి ఆ చివరకి పోతున్నాడట. బండి కూడా మాట్లాడుకున్నాడు," అంది ఆమె, మంచినీళ్ల సీసా మూత బిగిస్తూ. "ఈలోగా మీరు వాడితో ఓ మంచి మాట మాట్లాడి తీసుకురండి. విస్తట్లో అన్నం చూస్తే వాడు మెత్తబడతాడు. ఇవాళ గనక వెళ్లిపోయాడా, ఇక పెళ్లిళ్లలోనే కనబడతాడు."

"అలాగే."

"అలాగే అనేసి, వెళ్లి దూది మీద పడుకోకండి."

"నేనెందుకు పడుకుంటాను," అన్నాడాయన ఆవులిస్తూ.

ఆయన నిద్ర సంగతి ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. కొత్త పరుపు తయారైతే దాని మెత్తదనం చూడటానికని కాసేపు నడుం వాల్చడం ఆయన అలవాటు. ఒకసారి అలా వాల్చిన నడుం లేవకముందే కొన్నవాళ్లు వచ్చి, పరుపుని ఆయనతో సహా బండికెక్కించుకుపోయారని చెప్పుకుంటారు. వాళ్ల పడగ్గదిలో కళ్లు తెరిచి, ఎవరింట్లో ఉన్నానని అడగకుండా, కాసిని మంచినీళ్లు అడిగి తాగి, అటు తిరిగి పడుకున్నాడట. ఆ ఇంటివాళ్లు రాత్రి భోజనానికి లేపారట కూడా.

కొట్టు నిజానికి ఒకటే గది. ఈ సగంలో బావ దూది కొట్టి పరుపులు నింపుతాడు. ఆ సగంలో టైలరు ఆ పరుపులకి గలీబులు కుడతాడు. ఇద్దరూ ఏళ్ల తరబడి ఒకే కూజాలో నీళ్లు తాగారు. మొన్నామధ్య కొత్త దంపతుల కోసం చేసిన పరుపు మీద బావ కునుకు తీయడం, దాని మీద ఆయన ఆకారం బొజ్జతో సహా అచ్చుగుద్దినట్టు పడిపోవడం, వచ్చినవాళ్ల ముందే టైలరు పగలబడి నవ్వడం జరిగాయి. "పరుపుతో పాటు మా బావ బొమ్మ ఉచితం," అన్నాడు టైలరు. బావకి ఉక్రోషం వచ్చింది. "నువ్వు కుట్టిన గలీబుకి నాలుగో మూల ఏదోయ్? వెతుక్కో," అన్నాడు. టైలర్ని ఏమన్నా పడతాడు గానీ మూలలు లేవంటే పడడు. ఆ మధ్యాహ్నమే మిగిలిన గుడ్డముక్కలన్నీ అతికి పెద్ద తెర కుట్టి గది మధ్యలో తాడు మీద వేలాడదీశాడు. ఆ తెరకి నాలుగు మూలలూ ఉన్నాయని చూపించడానికి ఒక్కో మూలకీ ఒక్కో కుచ్చు కూడా పెట్టాడు. అప్పట్నుంచీ మాటల్లేవు. కుట్టుమిషను చప్పుడు ఇటు వినబడుతుంది, గురక అటు వినబడుతుంది, అంతే.

ఆ తెరకి ఇవతల బల్ల మీద ఒక పాత కంప్యూటరుంది. తండ్రి పట్టపగలు నిద్రపోకుండా ఉంటాడని కూతురు అందులో ఒక ఆట పెట్టి, మళ్లీ ఉద్యోగానికి పొరుగూరు వెళ్లిపోయింది. పాతకాలపు రాజుల ఆట. పటంలో ఒక మూల చిన్న రాజ్యం ఇస్తారు. అక్కణ్నుంచి మొదలెట్టి లోకమంతా గెలవాలి. చుట్టుపక్కల రాజ్యాలకి మనమే పేర్లు పెట్టుకోవచ్చు. మనం ఇంకా చూడని చోట్లని పటం మీద నల్లటి తెర కప్పి ఉంచుతుంది. ఉత్తరాన ఉన్న మహాసామ్రాజ్యానికి బావ తన భార్య పేరు పెట్టి, అడగకముందే కప్పం పంపిస్తున్నాడు. ఈటెల సైన్యం ఎక్కువగా ఉన్నవాడికి, మందుల షాపు కాంపౌండరు పేరు పెట్టాడు. నది అవతలి బుల్లి రాజ్యానికి కూడా ఒక పేరు పెట్టాడు గానీ అది కూతురికి సైతం చెప్పలేదు. ఇన్ని చేసినా ప్రతిసారీ ఓడిపోతూనే ఉన్నాడు. ఆయన పోగొట్టుకున్న రాజ్యాలన్నీ పక్కపక్కన పరిస్తే, వాటి మీద హాయిగా ఒక పెద్ద పరుపు వేసుకోవచ్చు.

ఆ పొద్దున కొట్టు తెరిచి, బావమరిదితో మంచి మాట ఎలా మొదలెట్టాలో తోచక, కాసేపు ధైర్యం కోసమని ఆట తెరిచాడు. తెరిచేసరికి కాంపౌండరు సైన్యం కోట చుట్టూ దిగి ఉంది. వెంటనే కూతురికి ఫోను చేశాడు.

ఆయనకి ఏదైనా గుర్తుండాలంటే పైకి గట్టిగా అనుకోవాలి. కూతురు చెప్పిన ప్రతి మాటా ఆయన నోట్లోంచి రెట్టింపు గొంతుతో బయటికి వచ్చింది.

"ఊఁ. ముందు తిండిగింజలు, గుర్రాలు తరవాత. సరే... బలమైన వాడికి కానుకలు పంపి సంధి చేసుకోవాలి. సరే... అందరి మీదా ఒకేసారి పడకూడదు. పక్కనున్న బక్కోణ్ని చూసుకోవాలి."

తెర అవతల కుట్టుమిషను ఆగిపోయింది. ఆ వీధిలో టైలరంత బక్కగా ఉండే మనిషి మరొకడు లేడు. టేపుతో కొలుచుకుంటే, మిగిలిన టేపు నేల మీద పడుతుంది.

"వాడికి దిక్కెవరూ లేరా? అవునమ్మా, నిజమే... తెర తీసి, అవతల ఎంతమంది ఉన్నారో చూసుకోవాలి. ఆ... గిడ్డంగికి నిప్పు పెడితే వాడే లొంగుతాడా? అంత తేలికా?"

టైలరు సూదిని నోట్లోంచి తీశాడు.

కూతురు ఫోనులో విసుక్కుంటోంది. "నాన్నా, నది అవతలివాణ్ని ప్రతిసారీ ఎందుకు వదిలేస్తావు? పైగా నీ సైన్యమంతా వాడి సరిహద్దుకే కాపలా పెడతావు. అందుకే ఓడిపోతున్నావు. వాడి మీద పడితే గానీ నువ్వు బాగుపడవు."

"వాడి మీద పడితే గానీ నేను బాగుపడనా," అన్నాడు బావ నీరసంగా. "ఇంకో దారి లేదా తల్లీ? సరేలే, ఇవాళే ఏదో ఒకటి తేల్చేస్తాను."

ఫోను పెట్టేశాడు. తెర అవతల టైలరు చప్పుడు కాకుండా లేచి, పెరటి కుళాయి దగ్గర బాల్చీలు నింపడం మొదలెట్టాడు. దూది కొట్టులో నిప్పంటే మాటలు కాదు. అక్క మొగుడు సోమరి అని తెలుసు గానీ ఇంత పని చేస్తాడని కలలో కూడా అనుకోలేదు.

కలలు కనేపని ఇవతల బావ చూసుకుంటున్నాడు. తిండిగింజలా, గుర్రాలా అని ఆలోచిస్తూ దూదిగుట్టకి ఒరిగాడు. కిటికీలోంచి పడుతున్న ఎండలో దూది నలుసులు పైకి లేచి, ఎటు పోవాలో తోచనట్టు తేలుతున్నాయి. వాటిని చూస్తుండగానే అవి ఒకదానితో ఒకటి కలిసి ఏనుగులయ్యాయి. తెల్లని ఏనుగులు, బరువే లేదు, కాళ్లు నేలకి ఆనడం లేదు. ముందున్న ఏనుగు మీద బావ పడుకుని ఊరేగుతున్నాడు. ఏనుగులు ఊళ్ల మీదుగా, కప్పుల మీదుగా సాగిపోతుంటే జనం చేతులు చాచి వాటి పొట్టలు తాకుతున్నారు. ఒకటే భయం, వాన పడకూడదు. దూరాన నది కనబడింది. నది ఒడ్డున ఒక బక్క రాజు కుట్టుమిషను ముందు కూర్చుని ఇటు గట్టునీ అటు గట్టునీ కలిపి కుడుతున్నాడు. కుట్టు ఎంత సన్నంగా ఉందంటే నీళ్లకే తెలియడం లేదు. ఇంకా కుట్టాల్సిన మూల ఒక్కటే మిగిలింది.

"సంధి," అన్నాడు బావ నిద్రలో. "సంధి... ఏనుగుల్ని అటు తిప్పండి... ఆ మూల కుట్టనివ్వండి... సంధి."

సరిగ్గా అప్పుడే ఇస్త్రీ పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చింది. వీధిలో అందరి బట్టలూ, అందరి సంగతులూ ఆమె దగ్గరే మడతలు పడతాయి. తన దిండుకి దూది వేయించుకుందామని వస్తూ, చల్లారిపోతుందని బొగ్గుల ఇస్త్రీపెట్టె కూడా చేత్తో పట్టుకొచ్చింది.

"ఏం నాయనా, ఏమంటున్నావు?"

"ఏనుగులకి వాన తగలకూడదు... సంధి," అన్నాడు బావ.

ఆమె ఇస్త్రీపెట్టెని తెర పక్కన రాతి అరుగు మీద పెట్టి ఆయన నుదురు తాకింది. పొద్దస్తమానం కాలే పెట్టె పట్టుకునే చేతికి లోకంలో ఏదైనా చల్లగానే ఉంటుంది.

"అయ్యో, ఒళ్లు చల్లబడిపోయింది. సంధి పుట్టేసింది. వాగుడు కూడా మొదలైంది," అనుకుని, పెట్టె సంగతి మరచిపోయి పరుగెత్తింది. బావ ఇంటి గుమ్మం ఆమె చేరేసరికే ఆ మాట వీధంతా చేరింది. "మీ ఆయనకి సంధి. ఎప్పుడో రాజుల కాలంలోకి పోయాడు. కాంపౌండర్ని తీసుకుని బయల్దేరు," అంది. భార్య వంటగదిలో గరిటె పడేసి, అదే కాళ్లతో మందుల షాపు వైపు పరుగు పెట్టింది.

బావకి మెలకువ వచ్చింది. కలలోని నది ఇంకా కళ్లలో పారుతోంది. తెర చూశాడు. అవతల ఎవరో మెల్లగా నడుస్తున్న అలికిడి. కూతురు చెప్పిన మాట గుర్తొచ్చింది, ముందు కానుక పంపాలి, తరవాత సంధి. ఆయన దగ్గర కానుకేముంటుంది? దూది బాగా కొట్టి, పువ్వులా విప్పి, చిన్న దిండు ఒకటి చేశాడు. మిషను ముందు గంటలు గంటలు కూర్చునేవాడికి నడుం దగ్గర పెట్టుకోవడానికి బాగుంటుంది. మొహం చూపించడానికి ధైర్యం చాలక, దూది కొట్టే పొడుగు బెత్తంతో ఆ దిండుని తెర కింది నుంచి మెల్లగా అవతలికి తోశాడు.

అవతల టైలరుకి ముందు పొగ వాసన వచ్చింది. ఇస్త్రీపెట్టెలో బొగ్గులు తెర పక్కనే రాజుకుంటున్నాయి. తరవాత తెర కింది నుంచి కర్ర, కర్ర ముందు దూది.

"దూది ముందు తోస్తున్నాడు. ఇక అగ్గిపుల్లే తరవాయి," అనుకున్నాడు టైలరు. బాల్చీ ఎత్తి, తెర మీదుగా ఇవతలికి కుమ్మరించాడు. ఆ వెంటనే రెండోది.

ఇవతల బావ నెత్తిన వాన పడింది. ఏనుగులన్నీ ఒక్కసారిగా బరువెక్కి కూలిపోయాయి. దూదిగుట్ట చతికిలబడి నేలకి అతుక్కుంది. తడిసిన తెర బరువుకి తాడు తెగింది. అదే క్షణాన లోపలికి అడుగుపెట్టిన భార్య మీదా, సూదిలో మందు ఎక్కించి సిద్ధంగా పట్టుకున్న కాంపౌండరు మీదా, ఆపడానికి ఇటు దూకిన టైలరు మీదా తెర కుచ్చులతో సహా పడింది.

"పట్టుకోండమ్మా, కదలనివ్వకండి. నిద్రమందు, క్షణంలో పని చేస్తుంది," అంటున్నాడు తెరలోంచి కాంపౌండరు.

"పట్టుకున్నాను, పొడవండి."

"అక్కా, అది నేనే," అంది ఒక గొంతు. అప్పటికే ఆలస్యమైంది.

తెర కిందనుంచి ఒక్కొక్కరే బయటపడ్డారు. టైలరు తుంటి పట్టుకుని, బావ వైపు వేలు చూపించాడు. "చంపేద్దామనుకున్నావు బావా. అన్నీ విన్నాను. గిడ్డంగి తగలెట్టడం, దిక్కులేని బక్కోడి మీద పడటం."

"నేనా?" అన్నాడు బావ, మీసాల్లోంచి నీళ్లు కారుస్తూ. "నేను దిండు పంపానోయ్. నీ నడుం కోసం."

"మరి ఫోనులో?"

బావ బల్ల మీది కంప్యూటరు వైపు చూశాడు. దానికి నీళ్లు తగల్లేదు. పటం నిండా రాజ్యాలు వెలుగుతున్నాయి. అందరూ వంగి చూశారు.

"ఇదేమిటి, నా పేరు?" అంది భార్య. "ఇంత పెద్దగా ఉన్నానా నేను?"

"కప్పం ఎప్పుడూ ఆపలేదే," అన్నాడు బావ వినయంగా.

వాళ్ల వెనకే వచ్చిన ఇస్త్రీ పెద్దమ్మ తన పేరుతో ఏదైనా దీవి ఉందేమోనని వెతుకుతోంది. కాంపౌండరు తన ఈటెల సైన్యం చూసుకుని మురిసిపోయాడు. టైలరు మాత్రం నది అవతలి బుల్లి రాజ్యం దగ్గర ఆగిపోయాడు. దాని మీద "బావమరిది" అని రాసి ఉంది. దాని సరిహద్దు పొడుగునా బావ సైన్యం, గుర్రాలు, ఏనుగులు, ఉన్నదంతా, వేరేవాళ్లు అటు రాకుండా కాపలా కాస్తూ నిలబడి ఉంది. వెనక బావ సొంత కోటలో ఒక్క మనిషి లేడు. కాంపౌండరు లోపలికి నడిచి వచ్చేస్తున్నాడు.

"నా మీద పడమందా అమ్మడు?" అన్నాడు టైలరు.

"అదే గెలిచే దారంది."

"మరి పడలేదేం?"

"ఎన్నిసార్లు ఓడిపోతే ఏమైందిలే," అన్నాడు బావ. "అంతా ఆటేగా."

టైలరు ఏదో అనబోయాడు. నాలుక మడత పడింది. మందు పని చేస్తోంది. తుంటి మీద కూర్చోలేక, పొడిగా మిగిలిన ఒకే ఒక్క కొత్త పరుపు మీద బోర్లా వాలిపోయాడు. "ఆ గలీబుకి... నాలుగు మూలలూ... ఉన్నాయి బావా," అన్నాడు.

"ఉన్నాయోయ్. నేను కూడా లెక్కపెట్టాను, అప్పుడే. ఉక్రోషంలో అన్నాను."

ఆ మాట టైలరు విన్నాడో లేదో గానీ, మొహం మీద ఒక నవ్వు మాత్రం అలాగే ఉండిపోయింది. సామాన్ల బండివాడు వచ్చి, నిద్రపోతున్న మనిషినీ, పక్కన గురకపెడుతున్న ఇంకో మనిషినీ చూసి, వీళ్లలో ఎవర్ని ఎక్కించాలో తేల్చుకోలేక ఖాళీ బండితో తిరిగి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం తినకుండా మిగిలిన భోజనాన్ని భార్యే కొట్టుకి మోసుకొచ్చింది.

దీపాలు పెట్టే వేళకి టైలరు లేచాడు. పరుపు మీద అతని ఆకారం, సన్నగా, చీపురుపుల్లలా పడి ఉంది. తల గోక్కుని, బావ పంపిన దిండు నడుముకి పెట్టుకుని, కంప్యూటరు ముందు కూర్చుని మేనకోడలికి ఫోను చేశాడు.

"అమ్మడూ, మీ నాన్న ఆటలో ఆ నది అవతలి రాజ్యం ఇక నేను ఆడతాను. కొత్తవాడు ముందేం చెయ్యాలి?"

"ముందు పక్కనున్న బలహీనుణ్ని చూసుకో మావయ్యా. సొంత కోట ఖాళీగా వదిలేసి నిద్రపోయేవాడు ఎవడైనా ఉంటే వాడితోనే మొదలెట్టు."

దూది ఆరబెట్టిన చోటే బావ మళ్లీ కళ్లు తెరిచేసరికి, ఆయన కోట మీద బావమరిది జెండా ఎగురుతోంది. దానికి నాలుగు మూలలూ చక్కగా ఉన్నాయి.