పొదుపు మంత్రిగారు రొట్టె పుచ్చుకున్న వైనం

దేశ ప్రజలు ఇకమీదట డబ్బును ఖర్చు పెట్టకుండానే ఆనందించాలని పొదుపు శాఖ మంత్రి గౌరవనీయులు ఫొర్తునాతో లిమాచి గారు ప్రకటించారు. ఆ ప్రకటన చేసిన సభకు లారీ నిండా స్పీకర్లు, గంటసేపు బాణసంచా, అరవై మంది బ్యాండు ఏర్పాటు చేశారు. ఆ అరవై మందిలో నేనొకణ్ణి. నా పేరు జెనోన్. బాకా ఊదుతాను. కొందరు రాజకీయాల్లో ఊదుతారు, నేను ఇత్తడి బాకానే ఊదుతాను. అందుకని నా సంపాదన అంతంత మాత్రం.

పొదుపు శాఖ ఆ ఏడే పుట్టింది. దేశంలో దుబారా ఎంత ఉందో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. ఆ కమిటీ చేసిన దుబారా ఎంతో తేల్చడానికి ఇంకో కమిటీ వేశారు. రెండు కమిటీలకీ కూర్చోడానికి చోటు చాలక ఎనిమిది అంతస్తుల భవనం కట్టి, దానికి శాఖ అని పేరు పెట్టారు. అద్దె కట్టుకుంటూ కూర్చుంటే అది పొదుపెలా అవుతుంది మరి?

"మనవాళ్ళు ఏళ్ళ తరబడి కడుపు కట్టుకుని కూడబెడతారు. మూడు రోజుల పండగలో తగలేస్తారు" అన్నారు మంత్రిగారు మైకులో. "బీరుకి తగలేస్తారు. డాన్సులకి తగలేస్తారు. ఆఖరికి బ్యాండువాళ్ళకి కూడా తగలేస్తారు. ఆ డబ్బంతా తెచ్చి మన జాతీయ పొదుపు నిధిలో వెయ్యండి. అది అక్కడ క్షేమంగా ఉందన్న ఆలోచనే మీకు పండగ."

మేం లేచి నిలబడి ఊదాం. మాకు చెక్కు అక్కడికక్కడే ఇచ్చారు. పండగలవాళ్ళు ఏనాడూ అంత త్వరగా ఇవ్వలేదు.

ఇక మా కసిమీరా అక్క సంగతి. మా ఊరు ఎల్ ఆల్తో సంతలో ఎండు దుంపల బస్తాల మధ్య కూర్చుని అమ్ముకుంటుంది. ఆ ఏడు మే నెలలో మా పేట మరియమ్మ పండగకి పెద్ద ఆవిడే. పండగ పెద్ద అంటే బ్యాండు, భోజనాలు, బీరు, నాట్యాలు అన్నీ ఆ ఒక్కరి నెత్తినే. అందుకోసం అక్క పదకొండేళ్ళుగా దాచింది. కొత్త కుచ్చుల పావడా కుట్టించుకోలేదు. టోపీకి చిల్లు పడితే రిబ్బను తిప్పి కట్టుకుంది. అక్క మొగుడు మెలితోన్ బావ మినీబస్సు నడుపుతాడు. ఆయన కూడా పదకొండేళ్ళు టీలో చక్కెర తగ్గించుకున్నాడు.

పదకొండేళ్ళు పొదుపు చేసిన మనిషి దొరికిందని శాఖ డైరెక్టర్ ఉర్కిది గారు పొంగిపోయారు. 'ఆదర్శ పొదుపరి' బిరుదు ఇవ్వడానికి మంత్రిగారు టీవీ వాళ్ళతో సహా సంతలోకే వచ్చారు.

"అమ్మా, ఒక్క కాసు వృథా చెయ్యలేదట. దేశానికి చెప్పండి. ఎందుకు దాచారు?"

"ఖర్చు పెట్టడానికి."

మంత్రిగారు ఆప్యాయంగా నవ్వారు. "అంటే, ముసలితనంలో..."

"ముసలితనం దాకా ఎందుకయ్యా, మే నెలలోనే. శుక్రవారం మొదలెడితే ఆదివారానికి అయిపోద్ది."

"మొత్తమా?"

"మిగిల్చుకుంటే పేటలో నవ్వరూ?"

కెమెరా ఆపమని ఉర్కిది గారు చెయ్యి ఊపారు. లైవు అని కెమెరా అతను కూడా చెయ్యి ఊపాడు.

"పోనీ, పండగయ్యాక మిగిలింది నిధిలో వెయ్యండి" అన్నారు మంత్రిగారు.

"పండగయ్యాక ఏం మిగలదు బాబూ."

"అందుకే ముందు వెయ్యమంటున్నాను."

"ముందే వేసేస్తే పండగ దేంతో చెయ్యను?"

ఇంత కఠినమైన ఆర్థిక శాస్త్రం మంత్రిగారికి విదేశాల్లో చదువుకున్నప్పుడు కూడా తగల్లేదు. బిరుదు తీసి మళ్ళీ పెట్టెలో పెట్టించి వెళ్ళిపోయారు.

అయితే మెలితోన్ బావకి ఆ రోజు నుంచి నిద్ర పట్టలేదు. "మొత్తం తగలేసి రేపు బండి చెడితే ఏం చేస్తామే? వాళ్ళు సూట్లేసుకున్నారు. అంత మంచి సూట్లేసుకున్నోళ్ళు డబ్బు విషయంలో అబద్ధం చెబుతారా?" అని భార్య వెంటపడ్డాడు.

అక్క రెండు రోజులు విని, మూడో రోజు డబ్బు సంచి తెచ్చి మంచం మీద కుమ్మరించింది. "నువ్వూ కష్టపడ్డావు. సగం నీది. నీ సగం నీ సూట్లోళ్ళకి ఇచ్చుకో. నా సగం మరియమ్మకి."

బావ తన సగం తీసుకెళ్ళి నిధిలో వేశాడు. మంత్రిగారితో ఫోటో దిగాడు. దాన్ని మినీబస్సు అద్దానికి అంటించుకున్నాడు.

నాకు మాత్రం అక్కను చూస్తే దిగులేసింది. సగం డబ్బుతో పండగంటే పరువు పోయినట్టే. పదకొండేళ్ళ కష్టం నలుగురిలో నవ్వులపాలవుతుంది. "రెండు బ్యాండులు ఎలా పెడతావక్కా? పోనీ మేం తగ్గించి తీసుకుంటాం" అన్నాను. అలా అన్నందుకు మా బ్యాండు మాస్టరు నన్ను వారం రోజులు తిట్టాడు.

"తగ్గించకు తమ్ముడూ. ఇన్నేళ్ళలో ఎవరెవరి పండక్కి ఎన్ని బీరు పెట్టెలు మోసుకెళ్ళి ఇచ్చానో నాకు గుర్తులేదు. వాళ్ళకి గుర్తుంటుందిలే" అంది అక్క.

వాళ్ళకి గుర్తుంది. శుక్రవారం పొద్దున్నే వడ్రంగి పెళ్ళాం నెత్తిన పెట్టె పెట్టుకుని వచ్చింది. వెనకాల పేగుల కూర అమ్మే ఆవిడ, ఆవిడ వెనకాల టైర్ల కొట్టు అన్నదమ్ములు, వాళ్ళ వెనకాల ఎవరెవరో. మధ్యాహ్నానికి బీరు పెట్టెలు అక్క ఇంటికి అడ్డంగా ఇంకో గోడ కట్టినట్టు లేచాయి. మూడో బ్యాండును కూడా పిలిచారు. ఒక వీధిలో మూడు బ్యాండులు మూడు పాటలు వాయిస్తుంటే ఏ పాటకి ఎగరాలో తెలియక జనం మూడింటికీ ఎగిరారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. బాకా ఊదుతూ ఆ రెండూ చెయ్యకూడదు, పెదవి జారిపోతుంది.

ఆదివారం మంత్రిగారు వచ్చారు. పండగని ఆపడానికి కాదు, పండగలో అవేర్‌నెస్ కల్పించడానికి అని ప్రెస్ నోటులో ఉంది. ఆరు కార్లు దిగాయి. 'పొదుపే ఆనందం' అన్న కరపత్రాలు పంచారు. నేల చల్లగా ఉందేమో, ముసలమ్మలు వాటిని పరుచుకుని కూర్చున్నారు. ఎవరో మంత్రిగారి నెత్తిన రంగు కాగితాలు చల్లారు. ఎవరో చేతిలో గ్లాసు పెట్టారు. నేలతల్లికి రెండు చుక్కలు వదిలి ఆయన మర్యాదకి తాగారు. మా పేటలో మర్యాద ఒక గ్లాసుతో పోదు. ఇచ్చినవాడికి మళ్ళీ ఇవ్వాలి, వాడు మళ్ళీ ఇస్తాడు. సాయంత్రానికి పొదుపు మంత్రిగారు నాట్యగాళ్ళ వరసలో నిలబడి వాళ్ళలాగే గిలక్కాయ తిప్పుతున్నారు. బాగా తిప్పారు. దేశంలో ఏ మంత్రీ అంత బాగా తిప్పగా నేను చూడలేదు.

అప్పుడు అక్క రొట్టె బయటికి తెచ్చింది. బుట్టంత తీపి రొట్టె, చుట్టూ రిబ్బన్లు. మరియమ్మ ముందు దాన్ని రెండు చేతులా అందుకున్నవాడే వచ్చే ఏటి పండగ పెద్ద. అందుకే అది బయటికి రాగానే మావాళ్ళు చేతులు జేబుల్లో దోపుకుని ఆకాశంలో కేబుల్ కారు వంక చూస్తారు. అక్క వాళ్ళందరినీ దాటుకుంటూ మంత్రిగారి ముందుకొచ్చి ఆగింది. ఆయనకి రాజకీయాల్లో ఇరవై ఏళ్ళ అనుభవం. జనం చేతిలోంచి ఏది ఆయన వైపు వచ్చినా రెండు చేతులా పుచ్చుకోవడం, కెమెరా వైపు ఎత్తి చూపడం. పుచ్చుకున్నారు. ఎత్తి చూపారు.

మూడు బ్యాండులూ ఒకేసారి అందుకున్నాయి. అంత గట్టిగా నేను జన్మలో ఊదలేదు.

మర్నాడు రొట్టె వాపసు ఇచ్చేద్దామని ఉర్కిది గారు సలహా ఇచ్చారు. ఆ మాట మంత్రిగారి తల్లి పెత్రోనమ్మకి చేరింది. ఆవిడ ఊరి నుంచి ఫోన్ చేసింది. స్పీకర్ ఆన్‌లో ఉండడం వల్ల, వచ్చే ఏటి బ్యాండు రేటు మాట్లాడ్డానికి మంత్రిగారి ఆఫీసుకి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డ నాకు కూడా వినబడింది.

"మరియమ్మ రొట్టె వాపసిస్తావంట్రా? ఇంక నేను సంతలో మొహం ఎట్టా చూపించాలి?"

"అమ్మా, నేను పొదుపు మంత్రినే."

"అది నీ ఉద్యోగం. ఇది నా పరువు." ఫోన్ పెట్టేసింది.

తర్వాత ఉర్కిది గారు గొంతు సవరించుకుని, "పోనీ సార్, మీ సొంత పొదుపులోంచి..." అన్నారు.

"నాకు పొదుపెక్కడిదయ్యా? ఇన్నాళ్ళూ జనానికి నేర్పడంతోనే సరిపోయింది" అన్నారు మంత్రిగారు. ఆ త్యాగానికి గదిలో ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు.

అలా వచ్చే ఏటి పండగ పేరు 'జాతీయ పొదుపరుల మహాసభ' అయింది. నాట్యాలు శిక్షణ కిందికీ, బీరు శిక్షణలో విరామం కిందికీ వెళ్ళాయి. మూడు కాస్తా నాలుగైన మా బ్యాండులు ఏ కిందికి వెళ్ళాయో నేను అడగలేదు, అడ్వాన్సు తీసుకున్నాను. ఒక్క విషయంలోనే ఖర్చు పెరిగింది. మంత్రిగారు పుట్టి బుద్ధెరిగాక ఎవరి పండక్కీ ఒక్క పెట్టె మోసినవారు కాదు. కాబట్టి ఆయన గుమ్మంలోకి ఒక్క పెట్టె కూడా రాలేదు. ప్రతి సీసా కొనాల్సి వచ్చింది.

మరుసటి మే నెలలో ఆ పండగ చూసినవాళ్ళ కళ్ళే కళ్ళు. నిధిలో డబ్బు వేసినవాళ్ళందరికీ ముందు వరసలో కుర్చీలు, మెడలో బ్యాడ్జీలు. మెలితోన్ బావ బ్యాడ్జీ తడుముకుంటూ కాల్చిన పంది మాంసం రెండు ప్లేట్లు లాగించాడు.

"చూశావటే, ఎంత పెట్టారో. మనకి ఒక్క కాసు ఖర్చు లేదు" అన్నాడు భార్యతో.

"తిను తిను. ఇంకో ప్లేటు తెమ్మను" అంది అక్క.

అప్పుడు మంత్రిగారు మైకు అందుకున్నారు. "మీ నిధి మీకే చేరాలని మా సంకల్పం. ఇవాళ గర్వంగా చెబుతున్నాను. ఒక్క కాసు కూడా లోపల మిగల్చలేదు."

సభంతా చప్పట్లు. బావ కూడా కొట్టాడు. కొట్టి, ఆపి, ఉర్కిది గారి దగ్గరికి నడిచాడు.

"లోపల మిగల్చలేదంటే ఏంటండీ?"

"లక్ష్యం నూటికి నూరు శాతం పూర్తయిందండీ."

"మరి నా డబ్బు?"

"రెండు ప్లేట్లు తిన్నారు కదా. మిమ్మల్ని లబ్ధిదారుల్లో చూపించాం" అన్నారు ఉర్కిది గారు ఎంతో వినయంగా. "వెళ్ళేటప్పుడు కానుక తీసుకోవడం మర్చిపోకండి."

బావ మొహం చూశాను. ఊదుతున్న పాట ఎక్కడుందో మర్చిపోయాను. పక్కవాడు మోచేత్తో పొడిచాడు.

కానుక చాలా బాగుంది. డబ్బులు దాచుకునే పందిబొమ్మ డిబ్బీ. వీపు మీద మంత్రిగారి నవ్వు మొహం, ముక్కుకి బంగారు రంగు. పొద్దు వాలుతుండగా మేం ముగ్గురం ఇంటి దారి పట్టాం. బావ ఆ బొమ్మని చంటిబిడ్డలా రెండు చేతులా పట్టుకుని నడిచాడు.

"ఎందుకయ్యా అంత దిగులు? నా సగంతో ఒక పండగ చేశాం, నీ సగంతో ఇంకోటి. పేటలో రెండు పండగలు చేసిన మొగుడూ పెళ్ళాలు ఎవరున్నారు?" అంది అక్క. బావ బొమ్మని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. "సరే, ఇటు తే. బోణీ నేను చేస్తా."

జాకెట్టులోంచి ఒక నాణెం తీసి పంది వీపు మీది చీలికలో వేసింది. నాణెం కింద నుంచి ఠంగుమని రోడ్డు మీద పడింది. బావ బొమ్మని తిరగేశాడు. పొట్ట కింద పిడికిలంత కంత ఉంది. దానికి బిరడా పెట్టలేదు.

అక్క వంగి నాణెం తీసుకుని పావడాకి తుడిచింది. మూల మీద ముసలమ్మ దగ్గర ముగ్గురికీ వేడి వేడి మొక్కజొన్న జావ కొనిపెట్టింది.