మోత కొలిచే మనిషి

ఆ రోజు అత్తగారు పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. పది గంటలకు మోత కొలిచే ఆఫీసరు వస్తాడు. కింద వాటాలో వడ్రంగి దుకాణం ఉంది. అతని రంపం మిషను మొదలయ్యాక ఆవిడకు నిద్ర కరువైంది, రక్తపోటు నూట అరవై దాటింది. "నెలలో దిగకపోతే గుండెకే ముప్పు. మందులు సరే, ముందు మీకు ప్రశాంతత కావాలి" అన్నాడు డాక్టరు. ఆ మాట పట్టుకుని మూడు అర్జీలు పెట్టి, నాలుగో అర్జీకి ఆఫీసరును కదిలించింది.

తొమ్మిదిన్నరైంది. కింద చీమ చిటుక్కుమనలేదు.

"ఇతగాడికి ఇవాళే పని లేకుండా పోయిందా?" అని వంటింట్లోకి వినపడేలా అరిచింది.

"నాకేం తెలుసత్తయ్యా!" అని కోడలు మిక్సీ ఆపకుండానే అరిచింది. టీవీ వినపడక కొడుకు దాన్ని ఇంకాస్త పెంచాడు.

ఆవిడ వాణ్ణి కిందికి తరిమింది. వాడు వెళ్ళొచ్చి, "మోటారు కాలిపోయిందటమ్మా. బాగుచేయడానికి వారం పడుతుందట" అన్నాడు.

"నా కొంప ముంచాడు! వట్టి చేతులతో పోయిన ఆఫీసరు మళ్ళీ ఈ గడప తొక్కుతాడా? మిషను లేకపోతేనేం, సుత్తి ఉందిగా. మన మంచం కోడు ఊగుతోందని చెప్పి పని ఇచ్చిరా."

"మంచం గట్టిగానే ఉందిగా?"

"నువ్వు ఊపు, అదే ఊగుతుంది!"

కాసేపటికి వడ్రంగి పనిముట్ల సంచితో పైకే వచ్చాడు. ఆవిడ గతుక్కుమంది. "ఇక్కడెందుకు నాయనా, కిందికి తీసుకెళ్ళి చేసుకో."

"మీ ఒంట్లో బాగోలేదట కదా పిన్నిగారూ. మిమ్మల్ని మంచం లేకుండా కూర్చోబెడతానా?" అని అతను హాల్లో ఉన్న మంచం కోడు పట్టుకుని కదిపాడు. కొడుకు అప్పటికే కావలసినదానికన్నా ఎక్కువే ఊపి ఉంచాడు. "ఇది కోడొక్కటే కాదండీ. మొత్తం విప్పి బిగించాలి."

సుత్తి మొదలైంది. దాన్ని మించి టీవీ లేచింది, టీవీని మించి కోడలు ఫోన్లో గొంతెత్తింది. ఆఫీసరు తలుపు కొట్టి కొట్టి, ఎవరికీ వినపడక తోసుకునే లోపలికి వచ్చాడు. హాలు మధ్యలో మీటరు ఎత్తి పట్టుకున్నాడు. "కింద! కింద!" అని అత్తగారు వేలితో చూపించింది. అతను వంగి మంచం కింద చూశాడు.

"తొంభై రెండు!" అన్నాడు లేచి, సుత్తి ఆపించి. తర్వాత కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "బయట నలభై. అమ్మా, మీరు రాసిందంతా నిజమే. ఈ మోతలో చెవులూ దక్కవు, గుండే దక్కదు" అన్నాడు.

"నేను మొత్తుకుంటూనే ఉన్నాగా బాబూ! వెంటనే నోటీసు ఇవ్వండి."

"ఈ వాటాకి యజమాని ఎవరండీ?"

"నేనే" అంది ఆవిడ, దర్జాగా.

ఆఫీసరు రాసుకుని వడ్రంగి వైపు తిరిగాడు. "కింద ఉండేది మీరేనా? రోజూ ఇంతేనా?"

"సుత్తి లేదు గానీ, మిగతాదంతా రోజూ ఉండేదేనండీ. ఇరుగూపొరుగూ అన్నాక సర్దుకుపోవాలి కదా" అన్నాడు వడ్రంగి, పెద్ద మనసుతో.

అలా అత్తగారి చేతిలో అత్తగారి పేరు మీదే నోటీసు పడింది. నెల రోజులపాటు ఎప్పుడైనా వచ్చి కొలుస్తారు. మోత మితిమీరితే కేసు.

కేసు భయానికి టీవీ గొంతు తగ్గింది. మిక్సీ వేస్తే తలుపు మూశారు. ఆవిడ ఏదైనా అనాలంటే లేచి వంటింటిదాకా నడవాల్సి వచ్చింది. అక్కడికి చేరేసరికి సగం మాటలు అనక్కర్లేదనిపించేది. వారానికి రంపం మళ్ళీ మొదలైంది గానీ, కిటికీ వేస్తే అంతగా వినిపించలేదు. ఇన్నాళ్ళూ వినిపించిన మిగతా మోత ఎవరిదో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. ఆవిడకు నిద్ర పట్టింది. రక్తపోటు నూట ముప్ఫైకి దిగింది.

"భేష్! మిషను ఆపించేశారన్నమాట" అన్నాడు డాక్టరు.

"ఎంత పోరాడానో నాకే తెలుసు" అంది అత్తగారు.

నోటీసు గడువు ఇంకా మూడు రోజులుందనగా, దాన్ని ఏడాదికి పొడిగించమని కోడలు గుట్టుగా అర్జీ పెట్టింది.